రూలు మార్చే ముందు పాతవి పక్కన పెట్టండి

ప్రతి ఇంట్లోనూ "ఆ కాగితం ఎక్కడుంది?" అని అందరూ వచ్చి అడిగే మనిషి ఒకరు ఉంటారు. మా ఇంట్లో ఆ మనిషిని నేనే. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల టీసీలు, టీకాల కార్డులు, గ్యాస్ పుస్తకం, ఎప్పుడో కొన్న ఫ్రిజ్ బిల్లు, అన్నీ నా దగ్గరే. పెళ్ళయి కవిటి వచ్చిన కొత్తలో మా అత్తగారి రేకు పెట్టె తాళం చేతి నా చేతికి వచ్చింది. తర్వాత పెట్టె పోయి బీరువా వచ్చింది. ఇప్పుడు బీరువాలో కాగితాల కంటే, దాని పైఅరలో ఉన్న చిన్న హార్డ్ డిస్క్‌లోనే ఎక్కువ ఉన్నాయి. కంప్యూటర్ అనగానే అది మగవాళ్ళ పని, పిల్లల పని అనుకుంటాం కదా. దాచడం మాత్రం ఎప్పటినుంచో మన పనే. అందుకే ఈ బ్యాకప్ సంగతి మనకి తెలిసి ఉండాలి అని ఇది రాస్తున్నాను.

మా ప్రాంతం గురించి తెలియని వాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పక్కన పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం కిందే ఏళ్ళ తరబడి కిడ్నీల జబ్బు. షుగరు లేదు, పెద్దగా బీపీ లేదు, అయినా పొలం పని చేసుకునే మనిషికి కిడ్నీలు పాడవుతాయి. నీళ్ళా, ఎండా, మందులా, వంశమా అని ఎన్నో పరిశోధనలు జరిగాయి, ఇదీ కారణం అని ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అందుకే మా ఊళ్ళలో పెద్దగా చదువుకోని ఆడవాళ్ళకి కూడా "క్రియాటినిన్ ఎంత?" అన్న మాట నోట్లో నానుతూ ఉంటుంది. వేరే ఊళ్ళలో వాన పడిందా అని అడిగినట్టు మేము అది అడుగుతాం.

మా మామయ్యగారు 2016లో పోయారు. చివరి మూడేళ్ళూ వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆయన రిపోర్టులు ఒక గోనె సంచికి సరిపడా ఉండేవి. ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, స్కానింగ్ కాగితాలు. ఆ స్కానింగ్ కాగితాలు, ఈసీజీ కాగితాలు వేడికి అచ్చయ్యే రకం. కొన్నేళ్ళకి అచ్చు వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. భద్రంగా ఉంటాయని ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడిపోతాయి. ఇది ఎవరూ చెయ్యకండి. వచ్చిన రోజే ఫోటో తీసుకోవడం ఒక్కటే దారి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చి పోయాక, మా మరిదికి ఒక ఆలోచన వచ్చింది. అప్పటికి ఆయన దగ్గర స్కానర్ ఉంది. "వదినా, ఈసారి తడవలేదు గానీ వచ్చేసారికి ఏమవుతుందో, అన్నీ ఎక్కించేద్దాం" అన్నాడు. నాలుగు రోజులు కూర్చుని మామయ్య రిపోర్టులే కాకుండా ఆ పెట్టెలో ఉన్న కాగితం ప్రతిదీ స్కాన్ చేశాం. మా వారి కొబ్బరి లెక్కల ల్యాప్‌టాప్‌లో పెట్టి, బయట డిస్క్‌లోకి రోజూ దానంతట అదే బ్యాకప్ అయ్యేలా అమర్చాడు. అలాంటిదే ఇంకో కాపీ తీసి హైదరాబాద్‌లో మా ఆడపడుచు దగ్గర పెట్టాం. మొదట టెక్కలిలో మా అమ్మగారింట్లో పెడదామనుకున్నాను. "కవిటికి వచ్చిన తుఫాను టెక్కలికి రాదా వదినా?" అన్నాడు మరిది. నిజమే కదా. రెండో కాపీ మన వాన తాకని ఊళ్ళో ఉండాలి.

వచ్చేసారి అనుకున్నది అయిదేళ్ళకి వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు గురించి ఇక్కడ రాయను, రాస్తే ఇంకేమీ రాయలేను. చెట్లు పడిన తోట చూసి మా అత్తగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. కొబ్బరి చెట్టు అంటే మా వైపు కొడుకుతో సమానం. రోజుల తరబడి కరెంటు లేదు. పెంకులు ఎగిరిపోయిన గదిలో రేకు పెట్టె నీళ్ళలో నానింది. అందులోని కాగితాలు ముద్దయిపోయాయి. డిస్క్ మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాను కాబట్టి మిగిలింది.

ఇక అసలు విషయం. 2024 సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. అంతకు కొన్ని వారాల ముందు నుంచీ ల్యాప్‌టాప్ "డిస్క్ నిండిపోయింది, బ్యాకప్ ఆగిపోయింది" అని మొత్తుకుంటోంది. మావాడు చూసి నవ్వాడు. "అమ్మా, పదేళ్ళ నుంచి ఒక్కటి కూడా తీయకుండా దాస్తోంది ఇది. సెట్టింగ్‌లో 'ఎప్పటికీ ఉంచు' అని ఉంది. 'ఒక సంవత్సరం ఉంచు' అని మారుస్తాను. రెండు నిమిషాల పని" అన్నాడు.

నేను వంటింట్లో అరిసెల పాకం దగ్గర ఉన్నాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి ఒకటే అడిగాను. "ఆ కొత్త రూలు ఇకమీదట వచ్చేవాటికేనా, ఇప్పటికే ఉన్నవాటికి కూడానా?"

వాడు కాసేపు ఆగాడు. వాడి ఉద్యోగమే ఇదట, పెద్ద కంపెనీల్లో కూడా ఈ ప్రశ్న అడక్కుండా బటన్ నొక్కేవాళ్ళు ఉంటారట. "ఉన్నవాటికి కూడా అమ్మా. ఈ రాత్రి అది శుభ్రం చేసే పనికి దిగితే, ఏడాది దాటినవన్నీ పోతాయి" అన్నాడు.

ఇందులో కిటుకు ఇక్కడే ఉంది, నిదానంగా చెబుతాను. బ్యాకప్ ప్రోగ్రామ్ రోజూ మన ఫైళ్ళకి ఒక కాపీ తీస్తుంది. ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పే రూలు ఒకటి ఉంటుంది. చాలా ప్రోగ్రాముల్లో ఆ రూలు ఏ కాపీ ఎప్పుడు తీసిందని చూడదు. శుభ్రం చేసే వేళకి ఏ రూలు ఉందో అదే అన్నిటికీ. "ఎప్పటికీ" అన్న రూలు ఉన్నప్పుడు తీసిన కాపీ కదా, దాన్ని ఎప్పటికీ ఉంచుతుంది అని మనం అనుకుంటాం. అది అలా అనుకోదు. ఈరోజు రూలు ఏడాది అంటే, పదేళ్ళ కిందటి కాపీ కూడా ఈరోజు నుంచి చెత్తే. కొన్నిటిలో కాపీ తీసినప్పుడే దాని మీద గడువు తేదీ రాసి పెడతారు, అప్పుడు పాత తేదీ పాతదిగానే ఉంటుంది. మనది ఏ రకమో తెలుసుకోకుండా ముట్టుకోకూడదు.

పెద్ద పెద్ద కంపెనీలు మార్చిన రూళ్ళలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి, కొత్తగా ఎక్కించే ఫోటోలన్నీ 15 జీబీ ఉచిత కోటాలో లెక్కపెడతాం అంది. అంతకు ముందు 'హై క్వాలిటీ'లో ఎక్కించినవాటి జోలికి రాలేదు. పాతవి పాత రూలు కింద, కొత్తవి కొత్త రూలు కింద. ఇది మర్యాదైన పద్ధతి. ఇంకో రకం 2018లో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌లు గూగుల్ డ్రైవ్ కోటాలో ఇక లెక్కకు రావు అని అప్పట్లో అన్నారు, సంతోషం. దానితో పాటే, ఏడాదికి పైగా అప్‌డేట్ చేయని పాత బ్యాకప్‌లు నవంబరు 12న తీసేస్తాం అన్నారు. ఆ మాట ముందే ఆగస్టులో చెప్పారు. కానీ నవంబరు 12 అంటే మాకు తిత్లీ తర్వాత దాదాపు నెల రోజులు. ఆ నెలలో మా ఊళ్ళో ఫోన్ ఛార్జింగే గగనం, బ్యాకప్ తేదీ గుర్తుపెట్టుకునేది ఎవరు? తర్వాత 2023 డిసెంబరు నుంచి, రెండేళ్ళు అసలు తెరవని గూగుల్ ఖాతాలు తొలగిస్తామన్న రూలు వచ్చింది. పోయిన మనిషి ఫోన్‌లోని ఖాతా మన ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి తెరవకుండా ఉందో ఒకసారి ఆలోచించండి. రూలు మార్చడం ఎవరి తప్పూ కాదు, స్థలం ఎవరికైనా డబ్బే. అది వెనక్కి కూడా చూస్తుందా లేదా అని మాత్రం మనం చదవాలి.

ఇంతకీ మాకు ఆ పాత కాపీలు ఎందుకు? ఉన్న ఫైళ్ళన్నీ ల్యాప్‌టాప్‌లో ఉంటే పాత కాపీ పోతే ఏం? ఇదే మావాడు కూడా అన్నాడు. అప్పుడు ఇద్దరం కూర్చుని చూస్తే తేలింది. 2013 నాటి ల్యాప్‌టాప్ 2017లో పాడైపోయింది. కొత్తదానిలోకి మా వారు అవసరమైనవే ఎక్కించుకున్నారు. లెక్కలు, పిల్లల ఫోటోలు. మామయ్య రిపోర్టుల ఫోల్డర్ ఆయనకి చూడ బుద్ధి కాలేదు, తీసుకోలేదు. ఏడాది కిందటే పోయారు మరి. కాగితాలు తిత్లీలో పోయాయి. అంటే ఆ స్కాన్లు ప్రపంచంలో ఉన్నది బియ్యం డబ్బా డిస్క్‌లో, 2017కి ముందు తీసిన బ్యాకప్‌లలో. ఆడపడుచు దగ్గరి కాపీ ఉంది గానీ, దాన్ని ఎవరూ తెరిచి చూసి అయిదేళ్ళయింది. తెరవని కాపీని ఉన్నట్టు లెక్కపెట్టకూడదు.

బ్యాకప్ వేరు, దాచుకోవడం వేరు అని నాకు ఆ రోజు బాగా అర్థమైంది. బ్యాకప్ అంటే ఈరోజు ల్యాప్‌టాప్ పాడైతే నిన్నటి పని తిరిగి తెచ్చుకోవడానికి. దానికి ఏడాది చాలు, నిజానికి మూడు నెలలైనా చాలు. దాచుకోవడం అంటే ఇంకెక్కడా లేనిదాన్ని ఉంచుకోవడం. మనం ఎప్పుడో ఒకటి తీసేసి, అది పాత బ్యాకప్‌లో ఒక్కచోటే మిగిలిపోతే, మనకి తెలియకుండానే బ్యాకప్ మన రేకు పెట్టె అయిపోతుంది. బ్యాకప్‌కి సరిపోయే రూలు రేకు పెట్టెకి పెడితే పెట్టె ఖాళీ అయిపోతుంది.

మా అత్తగారు వీధరుగు మీద కూర్చుని మా మాటలు వింటున్నారు. ఆవిడకి డిస్క్ అంటే ఏమిటో తెలియదు, రూలు అంటే తెలుసు. "పాత సెట్టు నరికీసినాక ఇత్తనం కాయ ఎక్కడి నుంచి తెస్తావురా?" అని మనవడిని అడిగారు. తిత్లీ తర్వాత మా తోటలో మిగిలిన ముసలి చెట్లు నాలుగే. కొత్త మొక్కలకి విత్తనం కాయలు ఆ చెట్లవే. వాటి కాపు తగ్గింది, కొట్టేసి స్థలం వాడుకోవచ్చు అని అందరూ అన్నారు. కొత్తవి కాపుకి వచ్చేదాకా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ పండక్కి మేం చేసిన పని ఇలా సాగింది. మీకూ ఎప్పుడైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ముందుగా, దానంతట అదే శుభ్రం చేసే పనిని ఆపించాను. సెట్టింగ్ ఇంకా మార్చలేదు, కేవలం ఆపడం.

తర్వాత సోంపేట వెళ్ళి కొత్త డిస్క్ కొన్నాం. పాత బ్యాకప్‌లు ఉన్నవి ఉన్నట్టు దానిలోకి కాపీ చేశాం. అది రాత్రంతా పట్టింది.

మూడోది ముఖ్యం. బ్యాకప్ ప్రోగ్రామ్ దాచే తీరు దానిదే. రేపు ఆ ప్రోగ్రామ్ లేకపోతే ఆ డబ్బా తెరుచుకోకపోవచ్చు. అందుకని 2013, 2015, 2017 కాపీల్లోంచి ఫైళ్ళు బయటికి తీసి, మామూలు ఫోల్డర్లలో, మామూలు ఫోటోలుగా, పీడీఎఫ్‌లుగా పెట్టాం. ఏ ఫోన్‌లోనైనా తెరుచుకోవాలి.

నాలుగోది, తెరిచి చూశాం. కాపీ అయింది అని తెర మీద వస్తే సరిపోదు. ఇక్కడ ఎన్ని ఫైళ్ళు, అక్కడ ఎన్ని ఫైళ్ళు, లెక్క సరిపోయిందా అని చూశాం. ప్రతి ఏడాదిలోంచి పదేసి ఫైళ్ళు తెరిచాం. రెండు తెరుచుకోలేదు. ఇంకో నెల కాపీలోంచి అవే మంచివి దొరికాయి. పాత కాపీలు అన్నీ ఉండటం వల్ల కలిగిన లాభం అది.

అయిదోది, ఆ కొత్త డిస్క్‌ని ల్యాప్‌టాప్ నుంచి పీకేశాం. ప్రోగ్రామ్‌కి అందని చోట ఉన్నదే ప్రోగ్రామ్ తుడిచెయ్యలేనిది.

అప్పుడు రూలు మార్చాం. మార్చాక వారం రోజులు రోజూ చూశాను, ఏమేం పోయాయి, ఏమేం ఉన్నాయి అని. చివరగా డిస్క్ మీద తెల్ల టేపు అంటించి మార్కర్‌తో రాశాను: "2013 నుంచి 2023 దాకా. దీనికి గడువు లేదు. 2024 జనవరి నుంచి కొత్త రూలు."

ఆ కొత్త రూలు కూడా "ఏడాది" అని ఒక్క ముక్కలో పెట్టలేదు. రోజువారీ కాపీలు ఏడు, వారానికొకటి చొప్పున నాలుగు, నెలకొకటి చొప్పున పన్నెండు. మొత్తం 23. ఆ పైన ఏడాదికి ఒకటి, అది ఎప్పటికీ. పదేళ్ళకి రోజూ ఒకటి ఉంచితే 3,650 కాపీలు. ఈ లెక్కన పదేళ్ళకి 33. స్థలమూ మిగిలింది, ఏ ఏడాదీ ఖాళీ లేదు. కంప్యూటర్ వాళ్ళ భాషలో ఈ పద్ధతికి తాత, తండ్రి, కొడుకు అని పేరట. రోజుది కొడుకు, వారానిది తండ్రి, నెలది తాత. అత్తాకోడళ్ళ పేరు ఎవరూ పెట్టలేదు, దాచేది మనమే అయినా.

ఇక్కడ ఇంకో సంగతి కూడా రాయాలి, దాస్తే బాగుండదు. ఇవన్నీ చేస్తుంటే మా తోటికోడలు నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, ఆ రిపోర్టులు ఎందుకు దాస్తావు? నాలుగేళ్ళు పోతే మా పాపకి సంబంధాలు చూడాలి. ఇంట్లో ఇంతమందికి కిడ్నీ అని ఎవరి కంటయినా పడితే?" అంది. మా వైపు వాళ్ళకి ఈ భయం తెలుసు. ఉద్దానం పిల్ల అంటేనే వెనకాడేవాళ్ళు ఉన్నారు. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. ఆ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టాం. అది ముగ్గురికే తెలుసు, కాగితం మీద రాసి బీరువాలో ఉంది. చూపించడం, దాచడం రెండూ మన చేతిలో ఉండాలంటే ముందు వస్తువు ఉండాలి కదా అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు.

అన్నీ ఉంచాం అని కూడా కాదు. మామయ్య చివరి వారంలో ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి ఉంది. నలభై సెకన్లు. గొట్టాలు, ఆయన చూపు. మా అత్తగారు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు. "ఆ సూపు ఆయనిది కాదు. తీసీండి" అన్నారు. మూడు చోట్ల నుంచీ తీసేశాం, హైదరాబాద్ కాపీలోంచి కూడా. కళ్ళంలో కాయలు లెక్కపెడుతూ, మధ్యలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పి విసుక్కుంటున్న వీడియో ఉంచాం. తీసెయ్యడం తప్పేం కాదు. తారీఖు చూసి తీసేది యంత్రం. మనిషిని అడిగి తీసేది ఇల్లు.

అదే ఏడాది నవంబరులో మా వారికి కాళ్ళ వాపు వచ్చింది. ఎండలో లారీలకి కాయలు ఎక్కించే పని, నొప్పుల మాత్రలు వేసుకోవడం అలవాటు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.5. విశాఖలో చూపించాం. డాక్టరు గారు మొదట అడిగిన మాట, "పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా?" ఒక్క అంకె చూసి ఇది ఎప్పటి నుంచి ఉందో, ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పలేరట. మూడు నెలలకి పైగా ఉంటేనే దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. పైగా కిడ్నీ పని సగం దాకా తగ్గినా ఈ క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చట. అందుకే పాతదానితో పోల్చి చూస్తారు.

మా వారు 2019లో ఊళ్ళో వైద్య శిబిరంలో చేయించుకున్న కాగితం ఒకటి ఉంది, 1.1. అంతకు ముందుది? 2012లో ఇన్సూరెన్సు కట్టేటప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేయించారు. అక్కడికి ఫోన్ చేస్తే అంత పాతవి ఉండవన్నారు. వాళ్ళని అని లాభం లేదు. మన దేశంలో 2002 వైద్య నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులే వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పన్నెండేళ్ళ కిందట రక్తం ఇచ్చి వచ్చిన మనిషి కాగితం ఎవరు ఉంచుతారు? ఇది కూడా తెలుసుకోవలసిన సంగతే. ఆసుపత్రి దగ్గర మన చరిత్ర మూడేళ్ళదే. మిగతాది మన బీరువాలో ఉంటే ఉన్నట్టు.

ఆ 2012 కాగితం మరిది 2013లో పెట్టెలో ఉన్నవన్నీ స్కాన్ చేసినప్పుడు వాటిలోనే ఎక్కింది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆరోగ్యంగా ఉన్న మనిషి రిపోర్టు కదా. ల్యాప్‌టాప్‌లో లేదు. కాగితం లేదు. తెల్ల టేపు డిస్క్‌లో ఉంది. 0.9.

డాక్టరు గారు మూడు అంకెలూ ఒక కాగితం మీద వరసగా రాశారు. 0.9, 1.1, 1.5. వయసుతో కలిపి లెక్కవేసి కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో పక్కన వేశారు. మొదటిది వందకి పైన, చివరిది అరవైకి కింద. "పుట్టుకతో వచ్చింది కాదు, నిన్నా మొన్నా ఒక్కసారిగా వచ్చిందీ కాదు. పన్నెండేళ్ళుగా జారుతూ వస్తోంది, చివరి అయిదేళ్ళలో ఎక్కువగా. నొప్పుల మాత్రలు ఈరోజే మానెయ్యాలి. బీపీ రోజూ రాయాలి. మూడు నెలలకి మళ్ళీ రావాలి" అన్నారు. మామయ్యకి తెలిసేసరికి ఆయన క్రియాటినిన్ ఆరు దాటింది. ఆయన పాత రిపోర్టులు కూడా డాక్టరు గారు అడిగి మరీ చూశారు, తండ్రిది ఎలా పెరిగిందో తెలియాలని.

ఇది మంచి కబురు అని చెప్పను. బస్సులో వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు. కానీ మామయ్యకి దొరకని సమయం ఈయనకి కొంత దొరికింది. అది కూడా ఎవరికీ అక్కర్లేదనుకున్న కాగితం వల్ల. ఏ కాగితం రేపు పనికొస్తుందో ఈరోజు తెలియదు. అందుకే వయసు చూసి తీసెయ్యడం నాకు నచ్చదు. ఒకే రకంవి పది ఉంటే తొమ్మిది తీసెయ్యండి. ఆ ఏడాదికి అదొక్కటే అయితే ఉంచండి.

ఆ వారమే తోటికోడలు వచ్చి మెల్లగా అడిగింది, "అక్కా, మా ఆయనవి కూడా ఉన్నాయా ఆ డిస్క్‌లో?" ఉన్నాయి. 2013ది ఒకటి. పలాస వెళ్ళి కొత్తది చేయించుకుని వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఏం వచ్చిందన్నది వాళ్ళ ఇంటి సంగతి.

ఇప్పుడు మా వంటింట్లో క్యాలెండర్ పక్కన ఒక గీతల నోటుబుక్ వేలాడుతోంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. తేదీ, క్రియాటినిన్, బీపీ, బరువు. పదిహేనేళ్ళ చరిత్ర ఒక పేజీలో పడుతుంది. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ప్రతి సంక్రాంతికీ ఆ పేజీలకి ఫోటో తీసి ఆడపడుచుకి పంపుతాను, ఆవిడ తన డిస్క్ తెరిచి అందులో వేసి "తెరుచుకుంది" అని నాకు ఫోన్ చేస్తుంది. ఆ మాట వినేదాకా పండగ పని అయినట్టు కాదు మాకు.

మీ ఇంట్లో ఎవరైనా "ఫోన్ నిండిపోయింది, పాతవి తీసేస్తా" అంటే కోప్పడకండి. స్థలం కావాలి, తియ్యాలి కూడా. ఆ కొత్త రూలు పాతవాటికీ వర్తిస్తుందా అని ఒక్కసారి అడగండి. వర్తిస్తుంది అంటే, ఒక రాత్రి గడువు అడిగి, పాతవి వేరే చోటికి తీసి, తెరిచి చూసుకుని, అప్పుడు సరే అనండి.